గోనె కింద వేప చిగురు

వేప కర్ర లేత్ మీద తిరిగినన్నాళ్ళూ మా ఇంట్లో మజ్జిగ కూడా చేదుగానే ఉండేది. పొట్టు పిండిలా లేచి, వెనక షెడ్డులోంచి వంటింట్లోకి వచ్చి కూర్చునేది. గిన్నెల మీద మూతలు పెట్టినా, మూతల మీద తడిగుడ్డ కప్పినా, ఎక్కడ దూరాలో అక్కడ దూరేది. మొదటి ముద్దకే నేను మొహం చిట్లిస్తే ఎదురుగా కూర్చున్న మనిషి నవ్వేవాడు.

"ఉగాదినాడు అడిగి మరీ తింతావు. మిగతా రోజులేటి పాపం సేసుకున్నాయి?"

ఆ మనిషి నా మొగుడు. నా మేనత్త కొడుకు కూడా. ఊహ తెలిసినప్పటి నుంచీ బావా అనే పిలిచాను. పెళ్ళయ్యాక 'ఏవండీ' అనడం నేర్చుకోమని మా అమ్మ పోరింది. కొన్నాళ్ళు ప్రయత్నించాను గానీ అన్నప్పుడల్లా నాకే నవ్వొచ్చేది. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు, దీని పిలుపూ అంతేలే అని చివరికి మా అమ్మే వదిలేసింది.

బావ ఉక్కు ఫ్యాక్టరీలో టర్నరు. నేను దువ్వాడ స్టేషన్లో కిటికీ వెనక కూర్చుని టికెట్లిచ్చేదాన్ని. పిల్లలు లేరు మాకు. ఆ సంగతి ఇంతకుమించి చెప్పను. అడిగేవాళ్ళూ జాలిపడేవాళ్ళూ వయసులో ఉన్నప్పుడు చాలామందే ఉండేవారు, ఆ కోటా ఎప్పుడో నిండిపోయింది.

రిటైరయ్యాక ఇద్దరం పెందుర్తిలో సొంత ఇంట్లో పడ్డాం. ఇల్లు చిన్నదే గానీ పెరడు పొడుగు. అందులో రేకుల షెడ్డు వేయించి, పాత ఇనుము అమ్మేవాళ్ళ దగ్గర తుప్పు పట్టి పడున్న లేత్ ఒకటి తెచ్చి నిలబెట్టాడు. నేను కాశీ వెళ్దామన్నాను. "కాశీ ఎక్కడికీ పోదే, ఈ మిషను ఇప్పుడు కొనకపోతే పోతాది" అన్నాడు. లేత్ అంటే తెలియనివాళ్ళకి చెప్పాలంటే, కుమ్మరి సారెని పక్కకి పడుకోబెట్టినట్టుంటుంది. దాని దవడల్లో కర్ర బిగిస్తే గిర్రున తిరుగుతుంది, ఉలి ఆనిస్తే చెక్కుతూ పోతుంది. మా కాశీయాత్ర డబ్బు అలా గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరో గీసిచ్చిన బొమ్మ ప్రకారం ఇనుముని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కిన మనిషి. ఆ విసుగేనేమో, ఇప్పుడు కొలతకి లొంగని కర్ర కోసం వెతికాడు. చెట్టుకి దెబ్బ తగిలినచోట, పురుగు కుట్టినచోట కాయ కాసినట్టు ఉబ్బుతుందే, ఆ బుడిపె కావాలి ఆయనకి. వడ్రంగి దాన్ని చూస్తే పక్కన పడేస్తాడు. పొయ్యిలోకి కొడదామన్నా గొడ్డలికి లొంగదు, లోపల నార సుళ్ళు తిరిగి ఉంటుంది. పైగా లోపల తొర్రలు. ఎప్పుడో చీమలు తిన్న చోటు, బెరడు లోపలికి మడుచుకున్న చోటు, కుళ్ళి ఖాళీ అయిన చోటు. పైకి ఏమీ కనిపించదు.

బావకి ఆ తొర్రల మీదే మోజు. బుడిపెని బయట కుండలా గుండ్రంగా తీసి, చెయ్యి పట్టీ పట్టనంత మూతి ఉంచి, మూతి చుట్టూ బెరడు కూడా అలాగే వదిలేసి, దాంట్లోంచి పొడుగు వంకర ఉలి పెట్టి లోపలంతా తోడేసేవాడు. గోడ పల్చబడే కొద్దీ ఆ తొర్రలు బయటికి తెరుచుకునేవి. వాటిని కిటికీలు అనేవాడు. ప్రతి కుండకీ ఎక్కడో ఒకచోట కిటికీ ఉండాల్సిందే.

"నీళ్ళు పోస్తే కారిపోతాయి, పప్పు పోస్తే రాలిపోతాది. ఏటికి పనికొత్తాదిది?" అనేదాన్ని.

"సూడ్డానికి."

"సూసి?"

"సూసి నోరు మూసుకోడానికి."

లోపల తోడే పని అంతా చెవితోనే. ఆ మూతిలోంచి కంటికి చీకటి తప్ప ఏమీ కనిపించదు. గట్టి కర్రలో ఉలి నడిచినంతసేపూ ఒకటే హోరు, తొర్ర దగ్గరికి వస్తే టక్కు టక్కుమని తడబడుతుంది. అప్పుడు మిషను ఆపి నన్ను కేకేసేవాడు. నేను వైరు పట్టుకుని చిన్న బల్బుని మూతిలోంచి లోపలికి దించాలి. గోడ పల్చగా ఉన్నచోట పచ్చి కర్ర ఎర్రగా వెలిగేది, పొయ్యి ముందు అరచెయ్యి అడ్డం పెట్టుకుంటే వేళ్ళ సందుల్లో కనిపించే ఎరుపు. ఆ వెలుగు చూస్తూ ఎక్కడ ఇంకా తియ్యాలో, ఎక్కడ ఆగాలో లెక్క వేసుకునేవాడు. పప్పు మాడిపోతోందని నేను అరుస్తున్నా బల్బు కదపనిచ్చేవాడు కాదు.

మా అన్నయ్య గోపాలపట్నం మార్కెట్లో ట్రాలీ ఆటో నడుపుతాడు. మా నాన్న పోయాక పొలం కౌలుకిచ్చి వచ్చేశాడు గానీ, ఇప్పటికీ మబ్బు పడితే నారుమడి గురించే మాట్లాడతాడు. చెట్టు కొట్టే చోటల్లా ఆటో ఆపి బుడిపెలున్నాయా అని చూడటం బావ అతనికి అంటించిన జబ్బు. గోపాలపట్నంలో రోడ్డు వెడల్పు చెయ్యడానికి ముసలి వేపచెట్టుని కొట్టారు. దాని మొదట్లో కల్లుకుండంత బుడిపె ఉందని అన్నయ్య ఫోన్ చేస్తే, బావ తింటున్న చెయ్యి కడుక్కోకుండానే మాట్లాడాడు.

"ఎవుడికీ ఇయ్యకు బావా. గోనె కప్పి తెచ్చీ."

దాన్ని చూసిన రోజు ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తు. నా పెళ్ళిచూపులకి కూడా అంత వెలగలేదు, ఆ మాట అంటే "నిన్ను పుట్టినకాణ్ణించి సూత్తన్నాను, కొత్తగా ఎలగడానికేటుంది" అన్నాడు. బయట గుండ్రంగా తియ్యడానికే రెండు మూడు రోజులు పట్టింది. మధ్యమధ్య ఆగి స్టూలు మీద కూర్చునేవాడు. ఆయాసమా అంటే ఎండ అన్నాడు. షెడ్డులో కూడా సాక్సు వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. పొట్టు గుచ్చుకుంటోందన్నాడు, నేను నమ్మాను.

లోపల తోడటం సగానికి వచ్చిన సాయంత్రం నన్ను కేకేశాడు. బల్బు దించాను. ఎక్కడా ఎరుపు లేదు, గోడ ఇంకా మందంగానే ఉంది. ఆయన నా చూపుడువేలు పట్టుకుని కుండ పక్కన, నడుముకి కొంచెం కింద, ఒకచోట ఆనించాడు.

"ఇక్కడ. వినబడింది నాకు. పెద్దదే, గదంత ఉంటాది. రేపు తెరుసుకుంటాది కిటికీ."

నాకు ఆ చోట కర్ర తప్ప ఏమీ తెలియలేదు. మిగతా చోట్ల లాగే నున్నగా, తడిగా ఉంది. ఊఁ అన్నాను.

మర్నాడు ఆయన పడుకోలేకపోయాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందడం లేదు. సాక్సు తీస్తే పాదాలు ఉబ్బి, వేలితో నొక్కినచోట గుంట అలాగే నిలబడిపోయింది. అన్నయ్య ఆటోలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గుండె బలహీనమైందని, అది నీళ్ళని తోడి బయటికి పంపలేకపోతోందని, అందుకే ఒంట్లో నీరు నిలిచిపోయిందని డాక్టరు చెప్పాడు. ఇకనుంచి నీళ్ళు కూడా కొలిచి తాగాలట. విశాఖపట్నం ఉక్కలో మనిషికి నీళ్ళు కొలిచి పొయ్యమంటే ఎలా ఉంటుందో డాక్టరుకి తెలిసే ఉంటుంది, అందుకే ఆ మాట తలొంచుకుని చెప్పాడు.

ముక్కుకి గొట్టం పెట్టిన మనిషి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఏం చెబుతాడో అని కళ్ళనీళ్ళతో వంగాను.

"గోనె తడిపీసినావా?"

అదీ ఆయన మొదటి మాట. పచ్చి కర్రని సగం తోడి వదిలేస్తే బయట ముందు ఆరిపోయి నిలువునా పగులుతుంది. పోనీ విప్పి పక్కన పెడదామంటే, ఒకసారి దవడల్లోంచి ఊడిన కర్ర మళ్ళీ అదే చోట కూర్చోదు. నడిమధ్య తప్పిపోతుంది. అందుకని పని సగంలో ఉన్నన్నాళ్ళూ లేత్ మీదే ఉంచి తడిగోనె చుట్టి పెట్టాలి. "ఊరికినే తడి తగిలితే సాలు, తానం సెయ్యించీకు" అని మరీ చెప్పాడు.

అప్పటినుంచి నా పని అదే. పొద్దున్న ఆసుపత్రి. మధ్యాహ్నం అన్నయ్య వచ్చి కూర్చుంటే నేను బస్సెక్కి పెందుర్తి వచ్చి, కాస్త వండి, గోనె తడిపి మళ్ళీ వెళ్ళేదాన్ని. చల్లమన్నాడు, నేను బకెట్లో ముంచి చుట్టేదాన్ని. కింద కారిన నీళ్ళు షెడ్డు గుమ్మం దాటేవి. ఆయనకి గుక్కెడు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదు. నాలుక ఎండిపోయి, ఐసు ముక్కైనా పెట్టమని చంటిపిల్లాడిలా నా కొంగు పట్టుకుని అడిగేవాడు, నేను పెట్టలేదు. ఇంటికొచ్చి ఆ కసి అంతా బుడిపె మీద తీర్చుకునేదాన్ని. దీనికైనా పోస్తాను, ఎవడు ఆపుతాడో చూస్తాను అనుకునేదాన్ని.

అలా తడుపుతుండగా ఒక మధ్యాహ్నం గోనె విప్పితే మూతి దగ్గర బెరడులోంచి మొలకలు వచ్చి ఉన్నాయి. వెలుతురు లేక పాలిపోయి, మెంతి మొలకల్లా వంగి ఉన్నాయి. నేను వంగి ఒక్కొక్కటీ వేలితో తాకి చూశాను. మొదలు నరికి, చెట్టు నుంచి కోసి, సగం డొల్ల చేసిన కర్ర అది. దానికి చిగురు. గోనె తీసేసి షెడ్డు కిటికీ రెక్క తెరిచి పెట్టాను. మర్నాటికి అవి రాగి రంగు తిరిగాయి.

బస్సులో నా పక్కన కూర్చున్నామె ఏమ్మా నవ్వుకుంటున్నావు అని అడిగింది. మా ఆయనకి తగ్గిపోతుంది అన్నాను.

ఆసుపత్రిలో బావకి చెప్పాను. చెయ్యి పట్టుకుని, అంగుళం ఎత్తు వచ్చిందని వేళ్ళతో చూపించి మరీ చెప్పాను.

"బెరడు కాడా?"

"మూతి సుట్టూను. ఎర్రగా ఉన్నాయి బావా, ఉగాది సిగురులాగ."

"మంచిదే" అన్నాడు. మొహం గోడ వైపు తిప్పుకుని మళ్ళీ అన్నాడు, "మంచిదేలే."

సంతోషం కనపడనివ్వకుండా తిప్పుకున్నాడనుకున్నాను. ఆ రోజే డాక్టరు వచ్చి కాళ్ళ వాపు దిగిందని, ఇలాగే ఉంటే ఇంటికి పంపేస్తానని అన్నాడు. ఇంక నాకు వేరే శకునం ఎందుకు? చిగురుకీ వాపుకీ నేనే ముడి వేసేశాను. ఇన్నేళ్ళు జనం ఎక్కడికి వెళ్తామంటే అక్కడికి టికెట్టు కొట్టిచ్చినదాన్ని, నాకు నేను కూడా ఒకటి కొట్టుకున్నాను.

మా ఊళ్ళో మునగకొమ్మ విరిగిపడితే పారెయ్యరు. కోసిన కొన మీద పేడముద్ద పెట్టి మట్టిలో గుచ్చుతారు. పైనుంచి తడి ఆరకుండా ఆ పేడ కాపాడుతుంది, వర్షాలకి వేరు పట్టి చెట్టవుతుంది. మా దొడ్లో మునగచెట్లన్నీ అలా వచ్చినవే. నా చేత్తో పెట్టినవీ ఉన్నాయి. వేప అలా రాదని నాకు తెలియదా? తెలుసు. వేపకి గింజ పడాలి, కాకి తిని విడవాలి. రైతు కూతుర్ని, అది ఎవరో చెప్పాలా నాకు? తెలిసే అన్నయ్యని పిలిచాను.

"దీన్ని ఇప్పీసి మట్టిలో పెడదాం రా అన్నియ్యా. ఇనుము మీద ఎన్నాళ్ళు బతుకుతాది?"

అన్నయ్య నెత్తి గోక్కున్నాడు. "ఏపకి అంటు రాదు గదే. ఇప్పితే బావ ఊరుకుంటాడేటి?"

"బావ బతకాలా వద్దా?"

అన్నయ్య స్పానరు అందుకున్నాడు. దవడలు వదులు చేసి బుడిపెని ఊడదీశాం. సగానికి కోసిన నీలం డ్రమ్ములో మట్టి నింపి, కుండ నడుం దాకా పాతి, మూతి అంచు చుట్టూ చిగుళ్ళకి తగలకుండా పేడ మెత్తాను. పాతుతుంటే మట్టి కొంత లోపలికీ పడింది. పడనీ అనుకున్నాను. మొక్కకి మట్టి కావాలిగా.

బావ ఇంటికొచ్చిన రోజు నేరుగా షెడ్డుకే నడిచాడు. స్పానరు పక్కకి జరిపితేనే ఇల్లెత్తేసే మనిషి. ఖాళీ దవడలు చూస్తూ నిలబడ్డాడు. నేను గుమ్మంలో పైట చెంగు నలుపుకుంటూ, తిట్లకి సిద్ధంగా ఉన్నాను. ఆయన తలుపు పట్టుకుని మెల్లగా పెరట్లోకి వచ్చి డ్రమ్ము ముందు ఆగాడు. వంగలేక, నిలబడే చూశాడు.

"పేడ ఎక్కడ దొరికిందే?"

"పెందుర్తిలో గేదెలు లేవేటి?"

నవ్వాడు. నవ్వుకే ఆయాసం వచ్చింది. "సెంబు తే" అన్నాడు.

ఆ రోజు నుంచి నీళ్ళు పోసే పని ఆయన లాక్కున్నాడు. పొద్దున్నే ప్లాస్టిక్ స్టూలు వేసుకుని డ్రమ్ము పక్కన కూర్చునేవాడు. నేను కొలిచి పెట్టిన తన నీళ్ళ సీసా ఒక పక్కన, చెంబు ఒక పక్కన. పెదాలు తడుపుకోవడానికి సీసాలోంచి ఒక్క గుక్క తాగి, ఆ తర్వాత చెంబులోంచి వేళ్ళ సందుల్లోంచి ధార కట్టి చిగుళ్ళ చుట్టూ పోసేవాడు. నీళ్ళు మట్టిలోకి ఇంకడం కళ్ళప్పగించి చూసేవాడు. తాగలేని మనిషి అలా చూస్తుంటే నేను మొహం తిప్పుకునేదాన్ని. అయినా ఆ రోజుల్లో నేను సంతోషంగానే ఉన్నాను, అబద్ధం ఎందుకు. వర్షాలు పడితే దీన్ని నేలలోకి మార్చాలని, గోడకి దూరంగా పెట్టాలని, వేరు పునాది కిందికి పోకూడదని గలగలా చెప్పేదాన్ని. ఆయన ఊఁ కొట్టేవాడు. "గేటు కాడ పెట్టీ, నీడుంటాది" అని సలహా కూడా ఇచ్చేవాడు. చిగుళ్ళు జానెడయ్యాయి. ఆకు విచ్చుకుని పచ్చబడింది. అన్నయ్య వచ్చి చూసి, టీ తాగి వెళ్ళిపోయేవాడు.

తర్వాత ఆకులు వాలడం మొదలుపెట్టాయి. ముందు ఎండవేళ వాలి సాయంత్రానికి లేచేవి. తర్వాత సాయంత్రం కూడా లేవలేదు. నేను పేడ మార్చాను, డ్రమ్ముని నీడకి ఈడ్చాను, వేపపిండి తెచ్చి చల్లాను. వేపకే వేపపిండి. అంచులు మాడి ఆకులు ఒక్కొక్కటే రాలుతుంటే పెరట్లో కూర్చుని ఏడ్చాను. బావ స్టూలు మీదే ఉన్నాడు. పాదాలు మళ్ళీ ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

"ఊరుకో పిల్లా. దానికి ఏరు లేదు."

"ఇంకా పట్టలేదు. పడతాది."

"పట్టదే. బుడిపిలో నిద్దరోయిన సిగురు కళ్ళుంటాయి, తడి తగిలితే లేత్తాయి. లోపల దాసుకున్న సత్తువ అయిపోయే దాకే. గోనె కింద మొలిసిందనీసి నువ్వు సెప్పినప్పుడే నానెరుగుదును."

నా ఏడుపు ఆగిపోయింది. ఆయన మొహం చూశాను. ఆసుపత్రిలో గోడ వైపు తిరిగిన మొహం గుర్తొచ్చింది.

"తెలిసి మరి ఇన్నాళ్ళూ ఎందుకు పోసినావు నీళ్ళు?"

ఆయన చెంబు చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వు పోత్తన్నావు కదా" అన్నాడు.

పక్కన కూర్చుని ఆ వాచిన కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాను. మా ఇద్దరికీ అర్థమైంది మేం దేని గురించి మాట్లాడుకున్నామో. ఇద్దరం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున్న ఆయన స్టూలు వేసుకుని కూర్చుని చెంబు తెమ్మన్నాడు, నేను తెచ్చి ఇచ్చాను. ఆకు ఒక్కటీ లేని ఆ పుల్లలకి ఆయన నీళ్ళు పోశాడు, నేను చూశాను. ఆసుపత్రికి రెండోసారి వెళ్ళేదాకా అలాగే జరిగింది. రెండోసారి వెళ్ళినప్పుడు గోనె గురించి అడగలేదు. నా చెయ్యి మాత్రం పట్టుకుని ఉన్నాడు. పట్టు వదులైనప్పుడు నిద్రపోయాడనుకున్నాను.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. అన్నయ్య అన్నీ చూసుకున్నాడు. వచ్చినవాళ్ళందరూ బాధపడకుండా పోయాడు, అదృష్టవంతుడు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. బాధపడ్డాడో లేదో నా చేతిని అడగాలి గానీ వాళ్ళకేం తెలుసు. వంటింట్లో మజ్జిగ చేదు పోయింది. చేదు లేని మజ్జిగ నేను తాగలేకపోయాను, గ్లాసు గ్లాసూ సింకులో పారబోశాను.

మొదటి మాసికం అయ్యాక అన్నయ్య పెరట్లోకి వెళ్ళి ఆ డ్రమ్ము తీసేస్తానన్నాడు. ఎండిన పుల్లలు రోజూ కళ్ళబడటం మంచిది కాదన్నాడు. సరే అన్నాను. మట్టి తవ్వి బుడిపెని పైకి లాగితే బరువుగా వచ్చింది. అడుగున వేరన్నది వెంట్రుకంత కూడా లేదు. పేడ ఎండి బెరడుకి అంటుకుపోయింది. అన్నయ్య దాన్ని కడిగి, నన్ను ఓదార్చడానికేమో, షెడ్డులోకి తీసుకెళ్ళి మళ్ళీ లేత్ దవడల్లో పెట్టి బిగించాడు. చేత్తో ఒక చుట్టు తిప్పాడు. తాగినవాడి నడకలా అటూ ఇటూ ఊగింది.

"కూకోదే ఇంక. నడిమధ్య పోయింది" అన్నాడు.

"తెలుసు."

లోపలి మట్టి ఇంకా కొంత ఉంది. అతను మూతిలో చెయ్యి పెట్టి గీరి తీస్తుంటే, ఎందుకో మరి, నేను గోడకి వేలాడుతున్న చిన్న బల్బు తీసుకున్నాను. అలవాటు. కర్ర లేత్ మీద ఉంది, పక్కన మనిషి ఉన్నాడు, నా చెయ్యి దానంతట అది వైరు పట్టుకుంది. స్విచ్చి వేసి బల్బుని మూతిలోంచి లోపలికి దించాను.

ఎరుపు ఎక్కడా లేదు. ఎండిన మందపు గోడ. అన్నయ్య కుండని కొంచెం తిప్పాడు, అప్పుడు కనిపించింది. పక్కన, నడుముకి కొంచెం కింద, నా వేలు ఆనించిన చోటే, చింతగింజంత వెలుతురు. వేలితో తాకితే కుళ్ళిన చెక్క పొడిపొడిగా రాలి వెడల్పయింది. ఇన్నాళ్ళు మట్టిలో నాని, నేను పోసిన నీళ్ళకీ ఆయన పోసిన నీళ్ళకీ ఆ చోట మెత్తబడిపోయింది. లోపల పెద్దదే. గదంత ఉంది. ఎప్పటి చీమలవో సన్నని దారులు, బెరడు మడతలు, అన్నీ ఆ బల్బు వెలుగులో కనిపిస్తున్నాయి. ఉలి తగలకుండానే తెరుచుకుంది.

"బావా!" అని అరిచాను. ఇంట్లోకి వినబడేలా, షెడ్డు రేకులు అదిరేలా అరిచాను. "బావా, వచ్చి సూడు, కిటికీ తెరుసుకుంది!"

అన్నయ్య నా వైపు చూడలేదు. చేతికంటిన మట్టిని తుడుచుకుంటూ ఉండిపోయాడు. నేను బల్బు పట్టుకుని ఇంటి గుమ్మం వైపు చూస్తున్నాను. పుడకలతో పోతుందన్నారు. పుడకలు అయిపోయి నెల దాటింది, ఆ పిలుపు ఇంకా నా నోట్లోనే ఉంది. పలికే మనిషి ఒక్కడు, ఆ ఒక్కడు రాలేదు. వైరు పట్టుకున్న చెయ్యి నొప్పి పుట్టేదాకా నేను దాన్ని కదపలేదు.